ఒక పిల్లను మాకివ్వండి, అయ్యగారూ!

ఇంట్లో కుక్క కడుపుతో ఉందని తెలిసిన నాటినుండి ఆ ఇంటికి వచ్చిపోయే ప్రతివారూ ఒకే మాట అంటారు: "ఒక పిల్లను మాకివ్వండి." మేము సేవ చేస్తున్న పల్లెలో కూడా అలాగే అన్నారు. ఏడు సంవత్సరాల క్రితం మా రోజీ ఆరు పిల్లలను పెట్టింది. అవి కళ్ళు తెరవక ముందే ఆరింటికీ ఇళ్ళు కుదిరాయి. ఆరు కుటుంబాలను సంతోషపెట్టామని మేము మురిసిపోయాము. ఆ ఆరు పిల్లలు ఏమయ్యాయో చెప్పడానికి ఇన్నాళ్ళు వెనుకాడాము. అయితే మన పల్లె కుటుంబాలలో కుక్క లేని లోగిళ్ళు తక్కువే గదా. మేము చేసిన పొరపాటు మరొకరు చేయకూడదని ఈ సంగతి వ్రాస్తున్నాము.

ఆల్సేషన్ క్రాసు మోజు

రోజీ నాటు కుక్క. తెలుపు మీద గోధుమరంగు మచ్చలు. ఆదివారపు బడికి వచ్చే పిల్లలు తోక పట్టుకు లాగినా ఊరుకునేది. రాత్రివేళ కొత్తవారు గేటు దగ్గరకు వస్తే మాత్రం మొరిగి మమ్మల్ని లేపేది. అంతకంటే మంచి కుక్క మాకు అక్కరలేదు. అయినా, "అయ్యగారూ, రోజీని ఆ కాంట్రాక్టరుగారి ఆల్సేషన్‌తో క్రాసు చేయిస్తే పిల్లలు సింహాల్లాగా ఉంటాయి" అని నలుగురూ అనేసరికి మాకూ ఆశ కలిగింది.

ఆ ఆల్సేషన్ నిలువెత్తు కుక్క. పగలంతా గొలుసుతో ఉండేది. పాలు పోసే అబ్బాయి గుమ్మంలోకి వస్తే గొలుసు తెంపుకునేలా ఎగిరేది. అన్నం పెట్టే పనిమనిషి సైతం గిన్నెను కర్రతో ముందుకు నెట్టేది. దానిని మేము రోషం అనుకున్నాము. అది నడిచేటప్పుడు వెనుక కాళ్ళు కొంచెం ఊగడం కూడా చూశాము. వయసు మీద పడిందేమో అనుకున్నాము. దానికప్పుడు నాలుగేళ్ళే. దాని రంగు, ఎత్తు, చెవులు తప్ప మరేమీ మా కంటికి ఆనలేదు.

ఆస్ట్రేలియాలో జరిగిన సంగతి

మాకంటే ఎంతో తెలిసినవారికే ఇటువంటి అనుభవం కలిగిందని తరువాత తెలుసుకున్నాము. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో అంధులకు దారి చూపే కుక్కలను తయారుచేసే సంస్థ ఒకటి ఉంది. 1980ల చివరలో అక్కడ కుక్కల పెంపకం చూస్తున్న వాలీ కాన్రన్ అనే ఆయనకు హవాయి దీవులనుండి ఒక కోరిక వచ్చింది. చూపులేని ఒక స్త్రీకి దారి చూపే కుక్క కావాలి. కాని ఆమె భర్తకు కుక్క వెంట్రుకలు పడవు. వెంట్రుకలు అంతగా రాలని పూడిల్ జాతి పనికివస్తుందేమోనని కాన్రన్ మూడేళ్ళలో ముప్పై మూడు పూడిల్ కుక్కలను పరీక్షించాడు. ఒక్కటీ ఆ పనికి నిలువలేదు. చివరికి లాబ్రడార్‌ను, పెద్ద రకం పూడిల్‌ను జత కట్టించాడు. 1989లో మూడు పిల్లలు పుట్టాయి. వాటి వెంట్రుకలను, చొంగను హవాయికి పంపి పరీక్ష చేయించాడు. సుల్తాన్ అనే పిల్ల సరిపోయింది. అది ఆ ఇంటికి వెళ్ళి నమ్మకంగా పని చేసింది.

ఇంతవరకు మంచిదే. ఒక అవసరం ఉంది, తల్లిదండ్రులను ఎంచి చూశారు, పుట్టినదానిని పరీక్షించి, శిక్షణ ఇచ్చి పంపారు. అయితే మిగిలిన పిల్లలను పెంచడానికి, వరుసలో వేచియున్నవారు సైతం ముందుకు రాలేదు. క్రాసు కుక్క మాకు వద్దన్నారు. అప్పుడు కాన్రన్ లాబ్రడార్, పూడిల్ అనే రెండు పేర్లనూ కలిపి "లాబ్రడూడిల్" అని కొత్త పేరు పెట్టి చాటించాడు. కుక్క మారలేదు, పేరు మాత్రమే మారింది. అంతటితో అడిగేవారు ఎక్కువయ్యారు. ఆ తరువాత ఎవరికి తోచినట్లు వారు, ఆరోగ్యం చూడకుండా, గుణం చూడకుండా, ఏదో ఒక లాబ్రడార్‌ను ఏదో ఒక పూడిల్‌తో కలిపి పిల్లలను అమ్మసాగారు. వెంట్రుకలు పడనివారికి ఇది తప్పక సరిపోతుందని నమ్మించారు. నిజానికి కాన్రన్ పెంచిన రెండవ ఈతలో పది పిల్లలు పుడితే మూడింటికే ఆ లక్షణం వచ్చింది. వృద్ధాప్యంలో ఆయన, ఇది నా జీవితంలో నేను విచారించే పని అని బహిరంగంగానే చెప్పాడు. ఆ కుక్కలను ఆయన ద్వేషించలేదు. మనుష్యుల ఆశ ఆ కుక్కలకు తెచ్చిన రోగాలకు, తిక్క గుణాలకు ఆయన బాధపడ్డాడు.

క్రాసు అయితే రోగాలు రావా?

"జాతి కుక్కలకే రోగాలు, క్రాసు కుక్క గట్టిది" అని మనలో ఒక మాట ఉంది. ఇందులో సగమే నిజం.

ఇది తెలియాలంటే గ్రెగర్ మెండెల్‌ను గుర్తు చేసుకోవాలి. నేటి చెక్ దేశంలోని బ్ర్నో పట్టణంలో మఠవాసి అయిన ఆయన బఠాణీ మొక్కలను సంవత్సరాల తరబడి పెంచి, 1866లో తన పరిశోధనను ప్రచురించాడు. ప్రతి లక్షణానికీ బిడ్డకు తల్లినుండి ఒక పాలు, తండ్రినుండి ఒక పాలు వస్తుంది. కొన్ని రోగాలు ఒక్క వైపునుండి వస్తే బయటపడవు, రెండు వైపులనుండీ వస్తేనే పైకి తేలుతాయి. ఒకే వంశంలో మళ్ళీ మళ్ళీ జత కట్టిస్తే ఒకే లోపం రెండు వైపులా కలిసే ప్రమాదం పెరుగుతుంది. అన్నాచెల్లెళ్ళను, తండ్రీకూతుళ్ళను కలపకూడదనేది ఇందుకే. వేరు వంశాలు కలిస్తే ఆ ప్రమాదం కొంత తగ్గుతుంది. ఇంతవరకు మన మాట నిజమే.

కాని తల్లికీ తండ్రికీ ఒకే లోపం ఉంటే, జాతులు వేరైనా పిల్ల తప్పించుకోకపోవచ్చు. లాబ్రడార్‌కూ పూడిల్‌కూ కూడా తుంటి కీలు సరిగా అమరని జబ్బు ఉంది, కంటిచూపు క్రమంగా పోయే వంశపారంపర్య జబ్బు ఉంది. అమెరికాలో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పశువైద్యశాలలో జబ్బులతో వచ్చిన 27,254 కుక్కల వివరాలను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. వంశపారంపర్యమైన ఇరవై నాలుగు జబ్బులను చూస్తే, పది జబ్బులు జాతి కుక్కలలో ఎక్కువ. ఒకటి, అనగా మోకాలి లిగమెంటు తెగడం, మిశ్రమ కుక్కలలో ఎక్కువ. మిగిలిన పదమూడింటిలో తేడా కనబడలేదు. తుంటి కీలు జబ్బు ఆ పదమూడింటిలో ఉన్నది.

ఆల్సేషన్ జాతిని ఎక్కువగా బాధించే జబ్బులలో ఈ తుంటి జబ్బు ఒకటి. కాంట్రాక్టరుగారి కుక్క నడకలో మేము చూచిన ఊపు ఏమైయుండునో మాకప్పుడు తెలియదు. అడగనూ లేదు.

గుణం ఎక్కడినుండి వస్తుంది?

గుణం రక్తంలో ఉంటుందని కొందరు, పెంపకంలో ఉంటుందని కొందరు అంటారు. అమెరికాలోని మేన్ రాష్ట్రంలో, బార్ హార్బర్ అనే ఊరిలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అయిదు జాతుల కుక్కలను అనేక సంవత్సరాలు పెంచి గమనించారు. వాటిలో బసెంజీ, కాకర్ స్పానియల్ అనే రెండు జాతులను కలిపి ఆ పిల్లలను కూడా పరీక్షించారు. 1965లో గ్రంథం వెలువరించారు. రెండు మాటలూ నిజమేనని వారి పరిశోధన తేల్చింది. పిరికితనం, బెదురు, సౌమ్యత వంటి వాటిలో వంశం పాత్ర ఉంది. అలాగే పిల్లకు మూడవ వారంనుండి సుమారు పన్నెండవ వారం వరకు ఉన్న కాలం బహు ముఖ్యమైనది. ఆ రోజుల్లో మనుష్యులను, పిల్లలను, చప్పుళ్ళను, తోటి కుక్కలను మంచిగా ఎరిగిన పిల్ల పెద్దయ్యాక ధైర్యంగా ఉంటుంది. ఆ రోజుల్లో ఒంటరిగా గొలుసుకు ఉన్న పిల్ల భయంతో పెరుగుతుంది. కుక్క కాటులో ఎక్కువ భాగం వెనుక భయమే ఉంటుంది. మనం దానికి రోషం అని పేరు పెడతాము.

మా రోజీ పిల్లల విషయంలో ఈ రెండింటిలోనూ తప్పాము. తండ్రిని గుణం చూచి ఎంచలేదు. ముప్పై రోజులకే పిల్లలను తల్లినుండి వేరుచేసి, పండుగకు వచ్చిన చుట్టాల చేతుల్లో పెట్టి పంపేశాము. ఒక్క టీకా వేయించలేదు. పదిహేను రోజులు గడవకముందే రెండు పిల్లలు వాంతులతో, రక్త విరేచనాలతో చనిపోయాయి. డాక్టరుగారు పార్వో అన్నారు.

జత కట్టించే ముందు

ఇక మనమేమి చేయాలి? మొదటి ప్రశ్న, అసలు ఈ పిల్లలు పుట్టడం అవసరమా? ఆడకుక్క సాధారణంగా ఏడాదికి రెండుసార్లు ఎదకు వస్తుంది. ఈతకు ఆరు చొప్పున లెక్క వేసినా రెండేళ్ళలో ఇరవైకి పైగా పిల్లలు. అన్నిటికీ ఇళ్ళు దొరుకుతాయా? దొరకనివి సంత దగ్గర, బస్టాండు దగ్గర సంచిలోనుండి బయటపడేవే గదా. అవసరం లేదనిపిస్తే పశువుల ఆసుపత్రిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించడం ఉత్తమం. "ఒక్క ఈత అయినా పెట్టనివ్వకపోతే పాపం" అనేవారున్నారు. ఈత పెట్టకపోవడం వల్ల కుక్క ఆరోగ్యానికి కొరత ఏమీ రాదు. పైగా గర్భసంచికి చీము పట్టే జబ్బు తప్పుతుంది.

అవసరమే అనుకుంటే ఈ సంగతులు చూడండి.

తల్లికి వయసు నిండాలి. మొదటిసారి ఎదకు రాగానే జత కట్టించకూడదు, అది ఇంకా ఎదిగే పిల్లే. మన కేంద్ర ప్రభుత్వం 2017లో కుక్కల పెంపకం, అమ్మకం గురించి నిబంధనలు చేసింది. వాటి ప్రకారం పిల్లలను అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు కావాలి. పద్దెనిమిది నెలలు నిండని ఆడకుక్కను ఈతకు పెట్టకూడదు. ఏడాదికి ఒక ఈత మించకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. మనం అమ్మకపోయినా, ఊరికే ఇచ్చినా, పాటించదగిన మాటలివి.

తండ్రిని దాని ఇంటి దగ్గరే చూడండి. కొత్తవారు వస్తే ఏమి చేస్తున్నది? అన్నం తినేటప్పుడు యజమాని దగ్గరకు రానిస్తున్నదా? ఇంట్లో పసిపిల్లలతో ఎలా ఉన్నది? మొరిగి ఆగే కుక్క వేరు, మొరగకుండా మీద పడే కుక్క వేరు. తోక కాళ్ళ మధ్య పెట్టుకొని మూలకు ఒదిగేది కూడా పనికిరాదు. ఇంతకుముందు దానికి పుట్టిన పిల్లలు ఎక్కడైనా ఉంటే వెళ్ళి చూచి రండి.

ఇద్దరినీ డాక్టరుకు చూపించండి. పెద్ద రకం కుక్కలకు తుంటి ఎక్స్‌రే తీయించడం మంచిది. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్‌లలో పశువైద్య కళాశాలలున్నాయి. అంత దూరం పోలేనివారు కనీసం నడకను, కళ్ళను, చర్మాన్ని, పళ్ళను పరీక్ష చేయించండి. తల్లికి ముందుగానే టీకాలు వేయించి, నట్టల మందు త్రాగించాలి. మరీ పెద్ద మగకుక్కను చిన్న ఆడకుక్కతో కలపకండి, కాన్పు కష్టమవుతుంది.

నాటు కుక్కను చులకన చేయవద్దు. మన ఎండకు, మన తిండికి తరతరాలుగా తట్టుకున్నది అదే. కర్నూలు జిల్లా పందికోన ఊరి పేరుతోనే ఒక కుక్కల రకం ప్రసిద్ధి పొందినది. మంచుదేశపు దట్టమైన బొచ్చును మన పల్లె కుక్కకు తగిలిస్తే, పుట్టే పిల్ల మే నెల ఎండలో రొప్పుతూ బ్రదకాలి. చూడటానికి బాగుంటుందని దానికి ఆ శిక్ష ఎందుకు?

అరవై మూడు రోజులు, ఎనిమిది వారాలు

కుక్క చూలు కాలం సుమారు అరవై మూడు రోజులు. చివరి మూడు వారాలలో తల్లికి తిండి పెంచాలి. పాలిచ్చే కాలంలో మామూలు తిండికి రెండు మూడింతలు కావలసి వస్తుంది. గంజి, మెతుకులు మాత్రమే పోస్తే చాలదు. గ్రుడ్డు, మాంసం, చేప, పప్పు ఏదో ఒకటి ఉండాలి. ఈనడానికి గాలి, వెలుతురు తగిలే, వాన జల్లు కొట్టని మూల చూపించి పాత దుప్పటి పరచండి.

పిల్లలు పది పద్నాలుగు రోజులకు కళ్ళు తెరుస్తాయి. రెండవ వారంనుండే డాక్టరు చెప్పిన మోతాదులో నట్టల మందు మొదలుపెట్టాలి. నాలుగవ వారంలో పాలలో నానబెట్టిన మెత్తని తిండి అలవాటు చేయవచ్చు. ఆరు నుండి ఎనిమిది వారాల మధ్య పార్వో మొదలైన వాటికి మొదటి టీకా, తరువాత డాక్టరు చెప్పిన గడువులో మళ్ళీ వేయించాలి. మూడు నెలలకు పిచ్చికుక్క వ్యాధి టీకా, ఆ తరువాత డాక్టరు చెప్పిన ప్రకారం బూస్టరు మరువవద్దు.

ఎనిమిది వారాలు తల్లితో, తోబుట్టువులతో ఉండనివ్వండి. ఆటలో గట్టిగా కొరికితే తోటి పిల్ల కుయ్యిమంటుంది, తల్లి గుర్రుమంటుంది. ఎంతవరకు కొరకవచ్చో అక్కడే నేర్చుకుంటుంది. ముప్పై రోజులకు పంపిన పిల్లకు ఆ పాఠం దొరకదు. ఈ వారాలలోనే రోజూ చేతుల్లోకి తీసుకోండి. మీ బిడ్డలు నిదానంగా నిమరడం నేర్చుకోవాలి. గిన్నెల చప్పుడు, మోటారు సైకిలు చప్పుడు, కోళ్ళు, మేకలు అన్నీ వాటికి పరిచయం కావాలి.

పిల్లను ఇచ్చేటప్పుడు

అడిగినవారందరికీ ఇవ్వడం దాతృత్వం కాదు. ఎవరు చూసుకుంటారు, ఎక్కడ ఉంచుతారు, టీకా వేయిస్తారా అని అడగండి. వారికి కోపం వచ్చినా ఫరవాలేదు. వేయించిన టీకాల చీటీ చేతికివ్వండి. "ఎప్పుడైనా మీకు కష్టమనిపిస్తే మాకే తిరిగి తెచ్చివ్వండి" అని మాట తీసుకోండి. ఈ చివరి మాట చెప్పడానికి మనకు ధైర్యం లేకపోతే పిల్లలను పుట్టించే హక్కు కూడా మనకు లేదని మా అభిప్రాయం.

ఆ మాట మేము చెప్పలేదు. మిగిలిన నాలుగు పిల్లలలో మూడు బాగానే పెరిగాయి. నాలుగవది కర్రి. మా సంఘంలోని ఒక పెద్దమ్మ ఇంటికి వెళ్ళింది. కొడుకూ కోడలూ పనికి పోతే వాకిట్లో గొలుసుతో పగలంతా ఉండేది. రెండేళ్ళ వయసులో, ఒక మధ్యాహ్నం అన్నం తింటుండగా, ఆరేళ్ళ మనుమరాలు గిన్నె సరిచేయబోయింది. చేతిమీద, చెంపమీద కరిచింది. కబురు తెలిసి మేము వెళ్ళేసరికి గాయంమీద కారం అద్దారు. కారం, సున్నం ఏదీ పెట్టకూడదు, ప్రియులారా. పారే నీటిక్రింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. టీకాతోబాటు, లోతైన గాయమైతే గాయం దగ్గర మరొక మందు కూడా వేస్తారు. వ్యాధి లక్షణాలు కనబడ్డాక చేయగలిగినదేమీ ఉండదు గనుక ఒక్క మోతాదు కూడా మానకూడదు.

పాపకు కుట్లు పడ్డాయి. టీకాలన్నీ పూర్తి చేశారు. ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో పెద్దమ్మ మాతో అన్నది: "మీ ఇంటి కుక్క పిల్ల గదా అయ్యగారూ, ఇంకేమీ అడగక్కరలేదనుకున్నాము." ఆమె నిందించలేదు. అందుకే ఆ మాట మాకు మరింత బరువైంది.

ఊరివారు కర్రిని కొట్టి చంపుతామన్నారు. మేము అడ్డుపడ్డాము. కరిచిన కుక్కను పది రోజులు కట్టి ఉంచి గమనించాలి. ఆ పది రోజులకు దానిని మా ఇంటికి తెచ్చుకున్నాము. పదకొండవ రోజున తిరిగి పంపలేదు. రోజీకి, కర్రికి ఇద్దరికీ ఆపరేషన్ చేయించాము. కర్రికి కంచె వేసిన ప్రత్యేక స్థలం చేశాము. పిల్లలు వచ్చే వేళకు తలుపు మూసి ఉంచుతాము. దానికి అన్నం మేమే పెడతాము, తినేటంతసేపు ఎవరినీ దగ్గరకు రానివ్వము.

ఇప్పుడు దానికి ఏడేళ్ళు. తండ్రి నడకే వచ్చింది. వెనుక కాళ్ళు ఊగుతాయి, చలికాలం ఉదయం లేవడానికి చాలాసేపు పడుతుంది. లేచి, కంచె దగ్గరకు వచ్చి, మా చేతికి తల ఆనించి నిలబడుతుంది. దానిమీద మాకు కోపం లేదు. అది తనను తాను ఎంచుకోలేదు, మేమే ఎంచాము.

పోయిన నెల ఒక యువకుడు తన ఆడకుక్కను తీసుకొని వచ్చాడు. "అయ్యగారూ, పక్క ఊరిలో మంచి ఎత్తయిన మగకుక్క ఉందట, చేయించమంటారా?" అని అడిగాడు. మేము జవాబు చెప్పకముందు అతనిని కంచె దగ్గరకు తీసుకువెళ్ళి కర్రిని చూపించాము. జరిగినదంతా చెప్పాము. అతడు చాలాసేపు నిలబడి, "ముందు పోయి ఆ కుక్క నడక చూచి వస్తానండి" అన్నాడు.

నడకతోబాటు గుణం కూడా చూచి రమ్మన్నాము.